మా అమ్మాయి నాలుగో తరగతి వింటోంది

పిల్లలకు చదువు చెప్పడం ఆపేసిన రోజే వాళ్ళకు అసలైన విద్య మొదలవుతుందని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఉలిక్కిపడకండి! మా అమ్మాయి బడిలో ఇప్పుడు జరుగుతున్నది అదే. అక్కడ ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పరు. ఎవరికి నచ్చింది వాళ్ళు ఎంచుకుంటారు.

మన కాలం గుర్తుందా? ఒకటే గది, ఒకటే పుస్తకం, ఒకటే పాఠం. నలభై మందికీ ఒకే కొలతకు చొక్కాలు కుట్టినట్టు! పైగా మాస్టారు ఉన్నట్టుండి వేలు చూపించి "నువ్వు లే, చదువు!" అనేవారు. నీకు ఇష్టమేనా అని అడిగిన పాపాన పోలేదు. లేచి నీళ్ళు నమిలితే చాలు, మనకు చదవడం రాదన్న సంగతి రెండు నిమిషాల్లో తరగతికంతా తెలిసిపోయేది. సాయంత్రానికి ఇంట్లోనూ తెలిసిపోయేది. ఎంత అనాగరికం!

ఇప్పుడు ప్రతి పిల్ల చేతిలోనూ ఒక ట్యాబ్. పాఠం తెరవగానే ఐదు బటన్లు వస్తాయి. చూస్తాను, వింటాను, ఆడతాను, గంతులేస్తాను, చదువుతాను. ఏది నొక్కితే ఆ దారిలో పాఠం వస్తుంది. నలభై ఆరు మంది పిల్లలు, నలభై ఆరు దారులు! ఇంత స్వేచ్ఛ నాకు మా ఇంట్లో టీవీ రిమోట్ మీద కూడా లేదు.

ఫలితాలు చూస్తే మీకు మతిపోతుంది. మా పై వాటాలో ఉండే పళ్ళ డాక్టరుగారి అబ్బాయి, వాన ఎలా కురుస్తుందనే పాఠానికి "ఆడతాను" నొక్కాడు. మూడు వందల మేఘాలను తుపాకీతో పేల్చాడు. వాన ఎందుకు కురుస్తుందిరా అని అడిగితే "నేను కాల్చడం వల్ల అంకుల్" అన్నాడు. ఆ ఆత్మవిశ్వాసం మనకుందా?

వాడి చెల్లెలు ఎక్కాలకు "గంతులేస్తాను" ఎంచుకుంది. ఏడో ఎక్కం మొత్తం కాళ్ళలోనే ఉంది. మొన్న మా ఇంటికొస్తే "ఏడెనిమిదులెంతమ్మా?" అన్నాను. "సోఫా కాస్త జరపండి అంకుల్" అంది. జరిపాను. ఏడొకట్ల దగ్గర మొదలుపెట్టి కుడికి రెండు గంతులు, ఎడమకు ఒకటి, గిర్రున తిరిగి చప్పట్లు. ఏడారుల దగ్గర కాలికి బల్ల తగిలి ఆగిపోయింది. మళ్ళీ ఏడొకట్ల నుంచి! జవాబైతే రాలేదు గానీ ఆయాసం వచ్చింది. ఎక్కాల వల్ల మనలో ఒక్కరికైనా చెమట పట్టిందా? భయంతో పట్టింది లెక్కలోకి రాదు.

ఇక మా పిచ్చుక. నోటికి మూత ఉండదు గనక మా అమ్మాయిని మేం అలాగే పిలుస్తాం. ఒకటో తరగతి నుంచీ అది ప్రతి పాఠానికీ "వింటాను" నొక్కుతూ వచ్చింది. హెడ్‌ఫోన్స్‌లో ఎవరో తియ్యటి గొంతుతో పాఠం చెబితే, విన్నది విన్నట్టు అప్పజెబుతుంది. పరీక్షలో ప్రశ్నలూ వినిపిస్తాయి, జవాబులూ నోటితోనే. "మీ అమ్మాయి ఏం చదువుతోందండీ?" అని ఎవరైనా అడిగితే నేను వాళ్ళ మాట సరిదిద్దేవాణ్ణి. చదవడమేమిటి, పాతకాలపు మాట! మా అమ్మాయి నాలుగో తరగతి వింటోంది!

తల్లిదండ్రుల సమావేశంలో టీచరుగారు దాని ప్రగతిని తెర మీద చూపించారు. అన్నీ పచ్చ గళ్ళే. అడుగున "శ్రవణంలో తరగతికే ప్రథమం" అని ఉంది. "ఆ మాట చెవుల డాక్టరు కూడా చెబుతాడు" అని మా ఆవిడ గొణిగింది. ఆవిడ ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తుంది. దేన్నయినా అనుమానించడం ఆవిడ వృత్తి. నేను మాత్రం చంకలు గుద్దుకున్నాను. మర్నాడు ఆఫీసులో అడగనివాళ్ళకు కూడా చెప్పాను.

పోయిన మంగళవారం మా ఆవిడకు హఠాత్తుగా డ్యూటీ మారింది. తలుపుకు చీటీ అంటించి వెళ్ళింది. "తాళంచెవి ఎదురింటి పిన్నిగారి దగ్గరుంది, తీసుకో అమ్మా" అని. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి పిచ్చుక మెట్ల మీద ముడుచుకుని కూర్చుంది. బడి నుంచి వచ్చి గంటన్నర అయిందట. పిన్నిగారి తలుపు అక్కడికి ఐదడుగులు. లోపల టీవీ మోగుతోంది.

"చీటీ చూడలేదా తల్లీ?"

"చూశా నాన్నా. అది పలకట్లేదు."

వెళ్ళి చూశాను. నాలుగు మూలలా నొక్కి నొక్కి కాగితం నలిగిపోయి ఉంది. మధ్యలో కూడా నొక్కినట్టుంది, సిరా అలుక్కుపోయింది.

సాంకేతికంగా చూస్తే తప్పు కాగితానిదేనని వాదించవచ్చు. నేను వాదించలేకపోయాను.

మర్నాడు పొద్దున్నే బడికి పరుగెత్తాను. టీచరుగారు నేలమీద కూర్చుని ఛార్జర్ల తీగల చిక్కు విప్పుతున్నారు. నలభై ఆరు ట్యాబులు, ఆరు ప్లగ్గులు.

"టీచరుగారూ, మా అమ్మాయికి చదవడం రాదండీ."

"పచ్చగానే ఉంది కదండీ?" అని ఆవిడ అలవాటుగా అనేశారు. తరవాత తీగలు పక్కన పెట్టి గొంతు తగ్గించారు. "ఇదివరకు ఒక్కొక్కరినీ లేపి ఒక్కో వాక్యం చదివించేదాన్ని సార్. ఎవరికి రాదో తెలిసిపోయేది. వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకునేదాన్ని. ఇప్పుడలా చేస్తే పిల్లల ఇష్టానికి అడ్డుపడినట్టట. తనిఖీకి వచ్చినవాళ్ళు రాసి మరీ వెళ్ళారు."

"మరి మీకూ ఏదో ఒక ఆప్షన్ ఇచ్చి ఉంటారుగా?"

"ఇచ్చారు సార్. ముందు ఏ ట్యాబ్ ఛార్జింగ్ పెట్టాలో నా ఇష్టమే."

ఆ సాయంత్రం పిచ్చుకను దగ్గర కూర్చోబెట్టుకుని అడిగాను. "ఇన్నేళ్ళలో 'చదువుతాను' అన్న బటన్ ఒక్కసారి కూడా ఎందుకు నొక్కలేదురా? బద్ధకమా?"

అది ట్యాబ్ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. వేలితో ఒక్కొక్కటే చూపించింది. చూడటానికి కన్ను బొమ్మ ఉంది. వినడానికి చెవి. ఆడటానికి బంతి. గంతులకు రెండు కాళ్ళు.

"దీనికి బొమ్మ లేదు నాన్నా. ఉత్త అక్షరాలే ఉన్నాయి. అది దేనికో నాకు తెలీదు."

నాకు తల తీసేసినట్టయింది. చదవడం వచ్చినవాళ్ళకే కనిపించే చోట చదువును దాచిపెట్టి, నువ్వే వద్దనుకున్నావమ్మా అన్నాం మేం పెద్దవాళ్ళం అందరం. నేనైతే చప్పట్లు కూడా కొట్టాను.

అంచేత మహాజనులారా, మా ఇంట్లో స్వేచ్ఛను రద్దు చేశాను. రోజూ అన్నాలకు ముందు పుస్తకంలో ఒక పేజీ, పైకి, గట్టిగా. ఈ సంగతి చెప్పగానే పిచ్చుక మూతి ముడుచుకుంది.

"నాకు ఇష్టం లేకపోతే?"

"లేకపోయినా సరే."

"అయితే నేను చదివినంతసేపూ నువ్వు పక్కనే కూర్చుంటావా?"

"కూర్చుంటాను. నాకూ ఇంకో ఆప్షన్ లేదు."