మిషన్ అబద్ధమాడదు

ఆ ఉదయం ల్యాబు పెద్దాయన అద్దం ముందు జుట్టు దువ్వుకుంటూ భార్యకు ఆనాటి పని చెప్పాడు. కొత్త షుగర్ మిషన్‌ను చూడడానికి తనిఖీ అధికారిణి వస్తోంది. ఆవిడ సంతకం పెడితే ల్యాబు నడుస్తుంది, లేకపోతే తాళం పడుతుంది.

"మా మిషన్ అబద్ధమాడదు. ఇవాళ రుజువు చేసేస్తా!"

"మనుషుల మాటేమిటి? ఆ కేకులు మానేశారా?"

"ఎప్పుడో!" అంటూ ఆయన గుమ్మం దాటేశాడు. ఊరందరి నెత్తురూ చూసే ఆ మహానుభావుడు తన చెయ్యి మాత్రం ఎన్నడూ సూదికి చాపలేదు.

రుజువు తేలికే. తీపి ద్రావణాన్ని ఐదు గొట్టాల్లో ఐదు పాళ్లుగా పలుచన చేసి మిషన్‌లో పెట్టాలి. అంకెలు సమంగా పెరిగి, తెర మీద తిన్నని గీత రావాలి. అయితే ఫలితం పంపడానికి పేరూ ఫోన్ నంబరూ ఇవ్వందే ఆ మిషన్ కదలదు. హడావిడిలో పెద్దాయన తన పేరూ ఇంటి ఫోన్ నంబరూ కొట్టేశాడు.

వంద. రెండొందలు. మూడొందలు!

"సార్, స్కేలు పెట్టి గీసినట్టొస్తోంది!" టెక్నీషియన్ అమ్మాయి గంతేసింది. అయిదొందలకు పెద్దాయన ఆనందం పట్టలేక బల్ల సొరుగు లాగి ఓ కేకు ముక్క నోట్లో వేసుకున్నాడు.

అవే అంకెలు వరసపెట్టి ఇంటి ఫోన్‌కూ చేరాయి. మొగుడి షుగర్ చూస్తుండగానే వందలకు వందలు ఎక్కిపోతుంటే ఏ ఇల్లాలు ఊరుకుంటుంది? అంబులెన్స్ వెంటబెట్టుకుని వచ్చేసింది. అధికారిణి లోపలికి అడుగుపెట్టేసరికి పెద్దాయన స్ట్రెచర్ మీద కాళ్లు తన్నుకుంటున్నాడు.

"అది నా నెత్తురు కాదే! తీపి నీళ్లు!"

"అయ్యో, షుగర్ తలకెక్కేసింది! త్వరగా ఎత్తండి బాబూ!"

"ఆగండమ్మా," అంది అధికారిణి. "గీత బాగానే ఉంది. ఇప్పుడు ఈయన నెత్తురే పెట్టి చూద్దాం. మీ భయమూ తీరుతుంది."

పెద్దాయన ధీమాగా చెయ్యి చాపాడు. మిషన్ కాసేపు గురగురలాడి మూడొందల పన్నెండు చూపించింది.

"ఇది నిజమా, మిషన్ తప్పా?" అధికారిణి కలం తీసింది.

"మానేశానన్నారు కదండీ?" అంటూ భార్య కళ్లనీళ్లు పెట్టుకుంది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. తప్పంటే ల్యాబు పోతుంది, ఒప్పంటే కేకులు పోతాయి. పెద్దాయనకు నిజంగానే ఏడుపొచ్చింది. పక్కనే టెక్నీషియన్ అమ్మాయి ఊపిరి బిగబట్టి చూస్తోంది. ఆ పిల్ల ఉద్యోగమూ ఆ కలం మొన మీదే ఉంది.

"మిషన్... నిజమే చెప్పిందండీ," అన్నాడు నూతిలోంచి వచ్చినట్టున్న గొంతుతో.

సంతకం పడింది. అమ్మాయి మళ్లీ గంతేసింది. భార్య కళ్లు తుడుచుకుని, ఆయన పెదవి అంచున ఉన్న కేకు పొడి చూసి, తిన్నగా బల్ల దగ్గరికి నడిచింది.

సాయంత్రానికి తాళం పడనే పడింది, ల్యాబుకు కాదు, సొరుగుకు.