ఎండ్రకాయ పోయింది, కాపలా మిగిలింది

ఒక పెద్ద అడవిలో సంగతులు రాసిపెట్టే ఆఫీసు లేదు, తోట ఉండేది. పెద్దమ్మ అనే ముసలి ఏనుగు ఏ తగువు తీర్చినా, ఏ సంగతి తేల్చినా ఆ తోటలో ఒక మొక్క నాటేది. మొక్కని చూస్తే సంగతి గుర్తొచ్చేది. మొక్క ఎండితే సంగతీ పోయేది. అందుకే తోటంతా తోకంత సన్నటి కాలువలు తీసి నీళ్ళు పారించేవారు.

ఒకనాడు ఓ ఎండ్రకాయ కాలువ గట్టుకి కన్నం పెట్టింది. పెద్దమ్మ కంగారుపడి కాపలాదళాన్ని పిలిచింది.

దళపతి ఉద్దండరాయుడు అడవిపంది. ఇలాంటి పిలుపు కోసమే పుట్టానని అతని నమ్మకం. మందనంతా వెంటేసుకుని రొప్పుతూ ఊడిపడ్డాడు. అప్పటికే ఎండ్రకాయ ఉడాయించింది. ఓ మట్టిముద్దతో కన్నం పూడింది. పని అయిపోయింది.

కానీ ఆ అడవిలో ఒక పద్ధతుంది. దళాన్ని పెద్దమ్మ పిలవచ్చు. వెనక్కి పంపే అధికారం మాత్రం దళపతిదే. పంపేస్తే తను మళ్ళీ మామూలు పందే కదా! ఆ ఆలోచనకే ఉద్దండరాయుడికి చెమటలు పట్టాయి.

"శత్రువు ఇక్కడే ఎక్కడో పొంచి ఉన్నాడు," అన్నాడు.

సెక్రటరీ తొండ తలూపింది. దాని ఉద్యోగమే అది.

పందులు గట్ల మీదే గస్తీ మొదలుపెట్టాయి. గిట్టల తొక్కుడికి గట్లు వాచినట్టు ఉబ్బి, చిట్లి, కొత్తచోట్ల నీళ్ళు కారాయి. "చూశారా, శత్రువు!" అని ఉద్దండరాయుడు ఇంకో మందని రప్పించాడు. కాలువల లోపలంతా మట్టి మెత్తించాడు. కాలువలు ఇరుకైపోయాయి. చివరి మొక్కలకి తడి అందక తోటలో అక్కడక్కడ తెల్లటి మచ్చలు లేచాయి.

మన బుర్రలోనూ ఇలాంటి సన్నటి రక్తనాళాలున్నాయి. వాటికి దెబ్బ తగిలితే ఒంట్లోని కాపలా పరిగెత్తుకొస్తుంది. డాక్టర్లు దాన్ని వాపు అంటారు. వచ్చినవాళ్ళు ఒక్కోసారి వెనక్కి పోరు. ఉద్దండరాయుడి బంధువులే కాబోలు.

పెద్దమ్మ పేర్లు మర్చిపోసాగింది. కాళ్ళీడుస్తూ చిన్న చిన్న అడుగులేసేది. "వయసండీ," అంది తొండ.

దళపతి భార్య ముస్తెమ్మ ఊరుకోలేదు. "ఏమయ్యా, ఎండ్రకాయ ఎప్పుడో పోయిందిగా. ఇంకా ఎవడి మీద కాపలా?"

"రక్షణ వ్యవహారాలు నీకేం తెలుసే?"

"ఎండాకాలం వస్తోందని తెలుసు. వాగు ఎండినా నీళ్ళుండే లోమడుగుకి దారి పెద్దమ్మకి తప్ప ఎవరికీ తెలీదు. ఆవిడ మర్చిపోతే పిల్లల గొంతు నీ గస్తీతో తడుపుతావా?"

ఉద్దండరాయుడు మీసం లేకపోయినా మీసం దువ్వుకుని వెళ్ళిపోయాడు.

వాగు ఎండింది. పిల్లలు నాలుకలు బయటపెట్టి పడుకున్నారు. వాళ్ళని చూశాక అతనికి మొదటిసారి నిజంగా భయమేసింది. పెద్దమ్మ దగ్గరికి పరిగెత్తాడు.

"అమ్మా, లోమడుగుకి దారి!"

పెద్దమ్మ తోటంతా చూసింది. "దారి మొక్క అక్కడుండాలి నాయనా," అని తొండం చాపింది. అక్కడ దళపతిగారు పొర్లాడే బురదగుంట ఉంది.

"ఇంతకీ నువ్వెవరు?"

"నేనమ్మా, దళపతిని!"

అతన్ని దళపతిని చేసినప్పుడు నాటిన మొక్కా ఎండిపోయింది. "మనకి దళపతి ఉన్నాడా?" అని పెద్దమ్మ తొండని అడిగింది. తొండ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తలని అడ్డంగా ఊపింది.

అన్నీ మర్చిపోయిన పెద్దమ్మ ఒక్కటి మాత్రం మర్చిపోలేదు.

"దొంగ! కాపలా!"

కనబడినవాణ్ణల్లా కుమ్మమని తానే నేర్పిన దళం ఉద్దండరాయుడి వెంటపడింది. ఒళ్ళంతా కుళ్ళబొడిపించుకుని అతను గూటికి చేరేసరికి ముస్తెమ్మ పిల్లల్ని తోలుకుని దూరంగా పోతోంది.

"ఎక్కడికే?" అని అరిచాడు.

"ఎండ్రకాయ పోయిన జాడలో. వాడు నీళ్ళు లేనిచోట కాపురముండడు. ఇన్నాళ్ళూ ఒక్కసారైనా వాణ్ణి వెతికావా నువ్వు?"

తోటలో పెద్దమ్మ ఎండిన కాలువ పక్కన నిలబడి ఉంది. పాపం, దాహమేస్తే నీళ్ళడగాలన్న సంగతి కూడా ఆమెకి గుర్తులేదు.

నీతి: పని అయిపోగానే వెళ్ళిపోయే మర్యాద శత్రువుకే ఉంటుంది.