టింగుమనేదాకా

ఆ శనివారం పొద్దున దేవకుమార్ మేష్టారి పథకం చిన్నదే. కంప్యూటరు ఆన్ చెయ్యాలి, పాట టైపు చెయ్యాలి, సాయంత్రం చోడవరం చర్చిలో కోత పండుగకి అందించాలి. ఏటా ఆ పాట ఆయనే రాస్తాడు. ఈసారి పల్లవి వచ్చి కూర్చుంది గానీ చరణాలు రాలేదు.

తప్పంతా కంప్యూటరుదేనని తేల్చాడు. మీట నొక్కితే తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. దాన్ని చూస్తూ చూస్తూ ఆయన కళ్ళు అరమూతలు పడతాయి. బుచ్చయ్యపేట చెరకు తోటల మీదికి మబ్బు దిగుతుంది, ఎక్కణ్నుంచో బెల్లం కాగే వాసన వస్తుంది. ఆ హాయిలో ఉండగానే 'టింగ్'మంటుంది. ఎంత కాలం వృథా!

బావమరిది రాజ్ కుమార్‌ని పిలిపించాడు.

"ఏటి బావా ఇది? ఆన్ సెయ్యగానే అక్కర్లేని ప్రోగ్రాములన్నీ ఒకేసారి లేస్తన్నాయి!" అన్నాడతను. వాటన్నిటినీ పీకేసి, మూత విప్పి దుమ్ము దులిపి, "ఇప్పుడు సూడు" అన్నాడు.

మేష్టారు మీట నొక్కాడు. కుర్చీలో సర్దుకునేలోపే టింగ్!

వంటింట్లో కరుణమ్మ గంజి వార్చేసింది. ఆయన మీట నొక్కగానే ఎసట్లో బియ్యం పోయడం, టింగ్‌మనగానే వార్చడం ఆవిడ అలవాటు. అలవాటుపడ్డ చెయ్యి కళ్ళని అడగదు. గోడవతల సన్యాసమ్మ కూడా ఆ టింగ్ విని, ట్యాంకు నిండిపోయిందనుకుని మోటారు ఆపేసి, నిశ్చింతగా స్నానానికి వెళ్ళింది.

"ఏవండీ, ఇది అన్నవా, బియ్యవా?" అంటూ కరుణమ్మ గరిటెతో వచ్చింది.

"తలకి సబ్బెట్టుకున్నాను, కుళాయిలో సుక్క నీరు నేదు మేష్టారూ!" అని గోడవతలి నుంచి కేక.

ఇంతలో పాటల బృందం నడిపే జెస్సికా ఫోను. "పాట అయిపోయిందా అంకుల్? అందరం కాసుకుని కూసున్నాం."

మేష్టారు తెల్లటి తెరకేసి చూశాడు. తోటా లేదు, మబ్బూ లేదు. ఇన్నేళ్ళ పాటలన్నీ ఆ చక్రం తిరుగుతుండగా వచ్చినవేనని అప్పుడు తెలిసింది.

"ఒరే, తీసేసినవన్నీ మళ్ళీ ఎట్టెయ్యరా!"

"మతి పోయిందేటి బావా?"

"పోయింది. అవి ఎడితే తిరిగొస్తాది. ఎట్టు!"

రాజ్ కుమార్ గొణుక్కుంటూ పెట్టాడు. మేష్టారు మీట నొక్కగానే చక్రం తిరిగింది. కరుణమ్మ మళ్ళీ ఎసరు పెట్టింది, సన్యాసమ్మ కళ్ళు నలుపుకుంటూ మోటారు వేసింది. చెరకు తోటల మీదికి మెల్లగా మబ్బు దిగింది. టింగ్‌మనేసరికి అన్నం ఉడికింది, ట్యాంకు నిండింది, చరణాలు వచ్చేశాయి.

సాయంత్రం పాటకి చర్చి అంతా పరవశించిపోయింది. పాస్టరు గారు లేచారు. "ఇంత మంచి పాట ఆ నత్తనడక కంప్యూటరు మీద రాసేరు! సంఘం తరపున మేష్టారికి కొత్తది కొనేసేం. రేపే ఇంటికొచ్చెస్తాది. ఇలా నొక్కితే అలా ఎలుగుతాది!"

చప్పట్లు మోగాయి. మేష్టారి కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే ఆనందబాష్పాలనుకున్నారు అందరూ.

కరుణమ్మ మాత్రం ఇంటికెళ్తూ దారిలోనే కుక్కరు కొనేసింది.