మామిడిచెట్టు మీద వృక్షమిత్ర

పొద్దున ఎనిమిదింటికి చెట్టెక్కాలి, పదింటికల్లా దిగాలి, పదకొండుకు బోయిన్‌పల్లిలో ఇంకొకరి కొబ్బరిచెట్టు మట్టలు కొట్టాలి, మధ్యాహ్నం బువ్వకు ఇల్లు చేరాలి. ఇదీ ఆ రోజుకు ఇమాం వలి వేసుకున్న ప్లాను. శామీర్‌పేట అవతల చిన్న పల్లె ఆయనది. చెట్లెక్కి కొమ్మలు కొట్టడం తాతల నాటి పని. చదువు లేదు గానీ, చెట్టును మునివేళ్ళతో తట్టి లోపల ఎంత పుచ్చిపోయిందో చెప్పేస్తాడు. మనుషుల దగ్గర ఆ విద్య పనిచేయదని ఆయనకు ఆ పూటే తెలిసింది.

ఏ.ఎస్. రావు నగర్‌లో ‘పచ్చతోరణం అపార్ట్‌మెంట్స్’ అని ఒక నాలుగంతస్తుల భవనం ఉంది. పేరులో పోను మిగిలిన పచ్చదనమంతా గేటు పక్కనున్న ఒక్క మామిడిచెట్టే. దాని నీడలో పదిహేనేళ్ళుగా విజయమ్మ ఇస్త్రీ బండి పెట్టుకుని బతుకుతోంది. మొన్నటి గాలివానకు ఆమె నెత్తిమీది పెద్దకొమ్మ ఒకటి పగిలి కిర్రుమంటోంది. ఎప్పుడు మీద పడుతుందోనని ఆమె అసోసియేషన్ సెక్రటరీ హరికిషన్‌కు నాలుగుసార్లు మొరపెట్టుకుంది. ఆయన నాలుగుసార్లూ తల ఊపాడు. ఐదోరోజు ఆ కొమ్మ నుంచి ఒక పుల్ల విరిగి ఆయన కారు మీద పడింది. వెంటనే ఇమాం వలికి కబురు వెళ్ళింది.

“పర్మిషన్ కాగితం ఉన్నదా సార్?” అని అడిగాడు ఇమాం వలి, రంపం మొలకు కట్టుకుంటూ.

“ఒక్క కొమ్మకు పర్మిషన్ ఏందయ్యా! అప్లికేషన్ పెడితే వచ్చే ఎండాకాలం దాకా తిరగాలె. నువ్వు సైలెంట్‌గా కానిచ్చెయ్. ఏమన్నా అయితే నేను చూస్కుంటా” అన్నాడు హరికిషన్.

‘నేను చూసుకుంటా’ అన్న పెద్దమనిషి అవసరానికి కంటికి కనబడడని ఇమాం వలికి తెలియక కాదు. కానీ ఒకసారి పైన కొమ్మను చూశాడు, ఒకసారి కింద విజయమ్మ తలను చూశాడు. రంపం ముడి ఇంకోసారి బిగించుకున్నాడు.

“అక్కా, బండి జెర అవతలికి జరుపు.”

“జరుపుత వలన్నా. ఈ నాలుగు చీరెలు చేసి జరుపుత. నువ్వు ఎక్కేలోపు అయితయి” అంది విజయమ్మ.

అసోసియేషన్ వాళ్ళ నిచ్చెన వేసుకుని ఇమాం వలి పైకెక్కాడు. వాళ్ళింట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఏ చెట్టుకైనా రంపం తగిలించే ముందు దాన్ని రెండు చేతులా కావలించుకుని, చెంప ఆనించి, క్షమాపణ అడగాలి. అడగడం సగంలో ఆపకూడదు. “తల్లీ, మాఫ్ చెయ్యి. పుచ్చిన చెయ్యి ఒక్కటే తీస్తున్న. మిగిలినదంత సల్లగుండాలె” అని ఆయన మొదలుపెట్టాడో లేదో, ఎర్రచీమలు చొక్కాలో దూరాయి. పైన ఆకులు కుట్టుకుని గంపంత గూడు కట్టుకున్న చీమలవి. ఒక్కొక్కటి కుడుతుంటే కళ్ళవెంట నీళ్ళు ధారకట్టాయి. అయినా పట్టు వదలకుండా క్షమాపణ పూర్తిగా అడిగాడు, పాపం.

సరిగ్గా అప్పుడే రెండో అంతస్తు బాల్కనీలో కల్పలత ప్లాస్టిక్ మొక్కలకు దుమ్ము దులుపుతోంది. ‘హరిత హృదయాలు’ అనే వాట్సాప్ గ్రూపుకు ఆవిడే వ్యవస్థాపకురాలు. చెట్టు కొట్టించే సంగతి ముందురోజు లిఫ్టులో ఆవిడ చెవిన పడనే పడింది. ఇప్పుడు చూస్తే ఎవరో పల్లెటూరి మనిషి చెట్టును వాటేసుకుని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. వీపు వెనక వేలాడే రంపం ఆవిడకు కనబడలేదు. ఫోను తీసింది.

“ఫ్రెండ్స్! మన మామిడిచెట్టును కొట్టేయకుండా ఒక పేదవాడు ప్రాణాలకు తెగించి పైనెక్కి కూర్చున్నాడు. చూడండి, ఆ కన్నీళ్ళు చూడండి! అందరూ వెంటనే రండి!”

ఫోను పట్టుకునే కల్పలత కిందికి దిగింది. ఇరవై నిమిషాల్లో నలభైమంది వచ్చారు. సగంమంది అట్టముక్కల మీద నినాదాలు కూడా రాసుకొచ్చారు. ఆ గోలకు కిందికి పరుగెత్తుకొచ్చిన హరికిషన్‌కు చెమటలు పట్టాయి. కాగితం లేకుండా కొట్టిస్తున్నట్టు బయటపడితే జరిమానా తప్పదు. పైగా చెట్టుకు ఆనించిన నిచ్చెన మీద అసోసియేషన్ పేరు ఎర్రరంగులో మెరుస్తోంది. ఎవరూ చూడకుండా దాన్ని లాక్కెళ్ళి సెల్లార్‌లో దాచాడు.

“సార్! నిచ్చెన!” అని అరిచాడు ఇమాం వలి.

“ఎవరయ్యా నువ్వు?” అన్నాడు హరికిషన్. నలుగురూ తనవైపు చూస్తుంటే పిడికిలి ఎత్తి, “చెట్లను కాపాడుదాం!” అని అందరికంటే గట్టిగా అరిచాడు.

నిచ్చెన లేకపోతే దిగలేనంత చేతగానివాడు కాదు ఇమాం వలి. భుజం మీది తాడు విప్పి కొమ్మకు ముడివేయబోయాడు.

“అయ్యో, ఉరేసుకుంటున్నాడు!” అని ఎవరో కెవ్వుమన్నారు. కిందికి జారిన తాడు కొసను పదిమంది పట్టుకుని ఒక్కలాగు లాగారు. తాడు పోయింది. మాను పట్టుకుని జారుదామంటే, మొదలు చుట్టూ హరిత హృదయాలు చేయీచేయీ పట్టుకుని కోటగోడలా నిలబడి ఉన్నాయి.

“అమ్మా, నేను చెట్లు కొట్టేటోన్ని!” అని ఇమాం వలి మొత్తుకున్నాడు.

కల్పలత కళ్ళు చెమ్మగిల్లాయి. “విన్నారా? ఒకప్పుడు చెట్లు కొట్టేవాడట! ఎంత మారిపోయాడో!” అంది ఫోనులోకి.

“కల్పలతమ్మా, ఆయనను మేమే పిలిపిచ్చినం. ఆ కొమ్మ పగిలింది, మీద పడతదని...” అని విజయమ్మ ముందుకొచ్చింది.

“ఇవన్నీ నీకు అర్థంకావులే విజయమ్మా. నా చీరలు అయ్యాయా లేదా?” అంది కల్పలత. విజయమ్మకు ఒళ్ళు మండింది గానీ, పదిహేను ఇళ్ళ బట్టలు ఆ బండి మీదున్నాయి. మళ్ళీ ఇస్త్రీ పెట్టె అందుకుంది.

ఇంతలో వెంకటేశ్వర్లు గారు వేంచేశారు. రెండుసార్లు పోటీచేసి రెండుసార్లూ ఓడిన స్థానిక నాయకుడాయన. కారులో శాలువాలు, మైకు, పూలదండ ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఎండ చురుక్కుమంటోంది కాబట్టి నీడ ఎక్కడుందో చూసుకున్నారు. నీడ పగిలిన కొమ్మ కిందే ఉంది. విజయమ్మ బండి మీది బట్టలు దింపించి, దాన్నే వేదికగా చేసి మైకు పెట్టించారు. ఫొటోలో పేదవాళ్ళు కూడా ఉండాలని విజయమ్మను పక్కనే నిలబెట్టుకున్నారు. నలభైమందీ దగ్గరికి జరిగారు.

పైన కొమ్మ కిర్రుమంది. ఇమాం వలి తలెత్తి చూశాడు. పగులు మొన్న వేలెడు ఉందన్నారు, ఇప్పుడు చెయ్యి పట్టేంత ఉంది. రంపం పెడితే అది తిన్నగా వాళ్ళ నెత్తిన పడుతుంది. పెట్టకపోయినా పడుతుంది.

“జరగండి! అందరు దూరం జరగండి! అక్కా, నువ్వన్న జరుగు!”

“తనొక్కడే చచ్చిపోతాడట, మనల్ని వెళ్ళిపొమ్మంటున్నాడు!” అని కల్పలత వివరించింది. చప్పట్లు మారుమోగాయి.

“ఈ మహానుభావుడికి ‘వృక్షమిత్ర’ బిరుదు ప్రకటిస్తున్నాను!” అన్నారు వెంకటేశ్వర్లు గారు. “ఈ చెట్టు కోసం ఆయన ఒక్కడే కాదు, నేను కూడా ఇక్కడే, ఈ క్షణమే, నా ప్రాణాలు...”

ఇమాం వలి ఇక ఆలోచించలేదు. రంపం కొసతో చీమలగూడున్న రెమ్మ తెంపి, గురిచూసి మైకు మీదికి వదిలాడు.

తర్వాత జరిగిన దాన్ని ఉద్యమం అనలేం. వెంకటేశ్వర్లు గారు పంచె అందుకుని మెయిన్ రోడ్డు దాకా ఆగలేదు. హరిత హృదయాలు చేతులు వదిలి చొక్కాలు దులుపుకుంటూ తలో దిక్కు పారిపోయాయి. కల్పలత ఫోను పారేసుకుని లిఫ్టులో దూరింది. విజయమ్మ మాత్రం ఇస్త్రీ పెట్టె చేత్తో పట్టుకునే ఉరికింది. అక్కడ నరపురుగు కూడా లేదు అనుకున్న నిమిషానికి ఫెళ్ళుమని కొమ్మ విరిగి బండి మీద పడింది. బండీ మైకూ నుజ్జునుజ్జయ్యాయి.

“యా అల్లా!” అని ఇమాం వలి చెట్టు మీదే కూలబడ్డాడు. కింద విజయమ్మ తన బండిని చూసి, ఆపైన తన తలను తడుముకుని, భోరున ఏడ్చింది. “పోతే పోయింది వలన్నా, పానం దక్కింది” అంది.

కాసేపటికి జనం గోక్కుంటూ మళ్ళీ పోగయ్యారు. పడిన కొమ్మను చూశాక ఆయన మీద భక్తి ఇంకా పెరిగింది. ఈసారి హరికిషన్ స్వయంగా నిచ్చెన మోసుకొచ్చాడు. “ఆయన కోసం స్పెషల్‌గా తెప్పించిన” అని అందరికీ చెప్పాడు. దిగుతున్న ఇమాం వలి మొలకు రంపం కనబడగానే ఒకాయన అనుమానంగా చూశాడు.

“ఎవరో దుర్మార్గుడు చెట్టు కొట్టడానికి తెస్తే లాక్కున్నట్టున్నాడు” అంది కల్పలత. హరికిషన్ అవునవునని తల ఊపాడు. వెంకటేశ్వర్లు గారు వాచిన మొహంతోనే శాలువా కప్పి, విజయమ్మకు కొత్త బండి ఇప్పిస్తానని కెమెరా ముందు మాటిచ్చారు. కెమెరా ఉంది కాబట్టి రెండురోజుల్లో బండి వచ్చేసింది.

వారం తిరక్కుండా హరికిషన్ నుంచి ఫోను వచ్చింది.

“ఏం వలీ, బాగున్నవా? చూడు, ఎట్లాగూ పెద్దకొమ్మ పోయింది. మిగిలిన చెట్టు గూడ తీసేస్తే రెండు కార్లకు జాగా అయితది. ఇప్పుడు నువ్వు వృక్షమిత్రవి. నువ్వు ఓకే అంటే కాలనీల ఎవడూ నోరెత్తడు. శాలువా కప్పుకొని రా, పొద్దున్నే షురూ చేద్దాం.”

“వస్త సార్” అన్నాడు ఇమాం వలి.

అన్నట్టే మర్నాడు శాలువా కప్పుకుని వచ్చాడు. చెట్టు చుట్టూ ఒకసారి తిరిగాడు. తర్వాత విజయమ్మ కొత్త బండి పక్కన నీడలో కూర్చుని తీరిగ్గా చాయ్ తాగడం మొదలుపెట్టాడు. తొమ్మిదింటికి హరికిషన్ కిందికి దిగొచ్చి, “ఏందయ్యా, ఇంకా కూసునే ఉన్నవ్?” అన్నాడు.

ఇమాం వలి శాలువా సర్దుకుని లేచి నిలబడ్డాడు.

“ఏం చెయ్యాలె సార్, ఎంత అడిగినా వృక్షమిత్ర ఒప్పుకుంటలేడు.”