నలుగురు పట్టే పడవ

శనివారం పొద్దున తూకాలాయన పెట్టుకున్న పని ఒక్కటే. మర్నాడు తొమ్మిదింటికి నీళ్లమీద కూర్చోవడానికి ముగ్గురు మనుషుల్ని వెతకాలి. నాలుగోవాడు తనే.

ఆయన పనిచేసేది నాలుగు సీట్ల చిన్న విమానాలు రెండున్న కంపెనీలో. అవి ఒడ్డునుంచి దీవికి, దీవినుంచి ఒడ్డుకి తిరుగుతాయి. దారి పొడుగునా సముద్రమే. ఎక్కే ప్రతి మనిషినీ, ప్రతి పెట్టెనీ కాటా ఎక్కించి, బరువు పుస్తకంలో రాసి, ఎక్కువైనది దింపేయడం ఆయన ఉద్యోగం. అందుకే అందరికీ తూకాలాయన. ముప్పై ఒక్క ఏళ్లలో అరకిలో అబద్ధం రాయలేదు. ఎవరిని చూసినా ఆయనకు ముందు బరువు కనిపిస్తుంది, తర్వాతే మొహం. మాటలు కూడా తూచే వాడతాడు. భార్య పోయాక అవీ తగ్గించేశాడు.

విమానంలోని పదకొండు కిలోల పాత లైఫ్ రాఫ్ట్‌కి కాలం చెల్లింది. ఇంజను ఆగి విమానం నీళ్లమీద దిగితే, అది మునిగేలోగా తలుపులోంచి బయటికి విసిరి తాడు లాగాలి. గాలి నిండి రబ్బరు పడవవుతుంది. కొత్తది కొనడానికి అమ్మకందారు రెండు నమూనాలు పంపాడు. రెండూ నలుగురు పట్టేవే. చిన్నది పదకొండు కిలోలు. దానికి ఒకటే గాలిగొట్టం, కప్పు లేదు, పట్టుకోవడానికి పక్కన తాడు. పెద్దది ఇరవై మూడు కిలోలు. ఒకదానిమీద ఒకటి రెండు గొట్టాలు, పైన గుడారంలాంటి కప్పు, ఎక్కడానికి నీళ్లలోకి వేలాడే మెట్లు.

యజమాని చిన్నదాని పక్షం.

"పన్నెండు కిలోల తేడా అంటే రోజూ ఒక పెట్టె ఒడ్డున వదిలెయ్యడమే కదండీ. అసలు మన ఇంజను ఎప్పుడైనా ఆగిందా?"

"ఒక్కసారి చాలు," అన్నాడు తూకాలాయన.

"మీతో వేగలేనయ్యా బాబూ. ఆదివారం ఈతకొలనులో నలుగుర్ని కూర్చోబెట్టి చూడండి. పదింటికి నేనూ వస్తా. చిన్నదాంట్లో నలుగురు సరిపోతే చిన్నదే కొంటాం. ఇంక దీనిమీద మాటల్లేవు."

పెద్దది ఎందుకు కావాలో తూకాలాయన చెప్పలేదు. ప్రతి సోమవారం ఆ విమానంలో దీవి ఆస్పత్రికి వెళ్లే నర్సు ఆయన కూతురు. శుక్రవారం తిరిగొచ్చి, ఊళ్లోనే వేరే గది తీసుకుని ఉంటుంది. తల్లి పోయిన రోజు ఆమె దీవిలో చిక్కుకుపోయింది. పొగమంచు వల్ల విమానం కదల్లేదు. వచ్చేసరికి అంతా అయిపోయింది. గుమ్మంలోనే ఆయన, "అమ్మకంటే ఆస్పత్రే ఎక్కువైంది," అన్నాడు. ఆ రోజు విమానం రద్దని పుస్తకంలో రాసింది ఆయన చెయ్యే. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసినందుకే మాట వెనక్కి తీసుకోలేదు.

అప్పటినుంచి రెండేళ్లుగా తండ్రీకూతుళ్ల మాటలన్నీ కాటా దగ్గరే.

"యాభై రెండున్నర."

"బ్యాగు ఆరు."

రెండేళ్లకింద ఆమె యాభై ఎనిమిది ఉండేది. ఎందుకు తగ్గావని ఆయన అడగలేదు. తగ్గినట్టు రాసుకున్నాడు.

ఇప్పుడు ముగ్గురు మనుషులు కావాలి. ఒక్కొక్కరు డెబ్భై ఏడు కిలోల లెక్కన నలుగురూ కలిసి మూడువందల ఎనిమిది తూగాలి. తనది డెబ్భై రెండు. కాగితంమీద తెలిసినవాళ్ల పేర్లు రాస్తూ పోయాడు. మాట్లాడనివాళ్లని కొట్టేస్తూ పోయాడు. చివరికి కాగితమంతా కొట్టివేతలే మిగిలాయి. మళ్లీ మొదటినుంచి చూసి, కొట్టేసినవాళ్లలోనే ఇద్దరిని ఏరుకున్నాడు. బావమరిది, తొంభై నాలుగు. అక్క శవం ఇంట్లో ఉండగానే ఫోనులో ఎవరితోనో నవ్వాడని రెండేళ్లుగా వాణ్ణి గడప తొక్కనివ్వలేదు. పక్కవాటా టైలరమ్మ, ఎనభై. "మీకేం అన్నయ్యగారూ, ఒక్కరే కదా, పనేముంటుంది" అని ఒకసారి నోరు జారింది. ఆ రోజునుంచి ఆమె పలకరింపుకి బదులు లేదు. కొలను కాపలాదారు అరవై రెండు ఉంటాడు. కూడి చూస్తే మొత్తం సరిగ్గా మూడువందల ఎనిమిది. ఆ రెండేళ్లలో ఆయన సంతోషపడింది అప్పుడే.

బావమరిదికి ఫోను చేశాడు.

"నేను, బావని."

"బావా. బాగున్నావా?"

"నీ బరువెంత?"

"ఏంటి?"

"తొంభై నాలుగు వేసుకున్నా. పెరిగావా?"

"లేదు బావా, అంతే. రెండేళ్లకి ఫోను చేసి బరువడుగుతావేంటి?"

"రేపు తొమ్మిదింటికి ఈతకొలను దగ్గరికి రా. నీకు ఈత రాదుగా?"

"రాదు."

"మంచిది. ఈత వచ్చినవాడు అడ్డం," అని ఫోను పెట్టేశాడు. ప్రయాణికుల్లో ఈత వచ్చినవాళ్లు తక్కువ కాబట్టి పరీక్షకి ఈత రానివాళ్లే మేలని ఆయన ఉద్దేశం. ఉద్దేశాలు విడమరిచి చెప్పడం ఆయనకి అలవాటు లేదు.

తర్వాత టైలరమ్మ తలుపు కొట్టాడు. ఆమె మెడలో కొలత టేపుతో వచ్చి, ఆయన్ని చూసి నోట్లోని గుండుసూది మింగబోయి ఆగింది.

"మీరు ఎనభై ఉంటారా?"

"నా వయసా?"

"బరువు."

"అన్నయ్యగారూ, ఊళ్లోవాళ్ల కొలతలు నేను తీస్తాను. నావి ఎవరూ తియ్యక్కర్లేదు."

"రేపు తొమ్మిదింటికి ఈతకొలను దగ్గరికి రావాలి."

"రేపు నాకు తెగ పనుంది."

"అయితే రావద్దు. ఈ తాళంచెవి ఉంచండి. నీళ్లలో దిగుతున్నా, నాకు అక్కర్లేదు. కుండీల్లో మొక్కలున్నాయి, చూస్తూ ఉండండి."

తాళంచెవి జేబులో ఉంటే జారి నీళ్లలో పడుతుంది. ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నమైతే మొక్కలు వాడిపోతాయి. ఆయన ఉద్దేశం ఇంతే. టైలరమ్మ చేతిలోని తాళంచెవిని చూసుకుంటూ గుమ్మంలో చాలాసేపు నిలబడింది.

ఆ తర్వాత జరిగింది ఆయనకి మర్నాడుగానీ తెలియలేదు. టైలరమ్మ బావమరిదికి ఫోను చేసింది. ఈత వచ్చినవాడు అడ్డమన్న మాట అతను చెప్పాడు. తాళంచెవి మాట ఆమె చెప్పింది. రెండూ కలిపేసరికి ఇద్దరికీ కాళ్లూచేతులూ ఆడలేదు. "పైకి రాయిలా ఉంటాడుగానీ, అక్క పోయాక లోపల ఏముందో ఎవరు చూశారండీ," అన్నాడు బావమరిది. మేనకోడలికి చెప్పాడు. ఆదివారం పొద్దున ముగ్గురూ కలిసి ముందు ఇంటికి వెళ్లి తాళం తీశారు. పక్క చుట్టి ఉంది. వంటింట్లో గిన్నెలన్నీ కడిగి బోర్లించి ఉన్నాయి. బల్లమీద ఒకే కంచం, ఒకే గ్లాసు. పక్కనే ఒక కాగితంమీద చుట్టపక్కాలందరి పేర్లూ, అన్నింటిమీదా అడ్డగీతలు.

"అన్నీ సర్దేసుకున్నారు," అంది టైలరమ్మ.

ఆ ఇల్లు రెండేళ్లుగా అలాగే ఉంది. చూసినవాళ్లే లేరు.

వాళ్లు అక్కడ ఉన్న సమయానికి తూకాలాయన కొలను గట్టుమీద ఒంటరిగా నిలబడి ఉన్నాడు. రెండు రాఫ్టులనీ తోపుడుబండిమీద పెట్టుకుని తెచ్చాడు. తొమ్మిదయింది. తొమ్మిదింబావయింది. ఎవరూ రాలేదు. ఎవరో వస్తారని అనుకోవడమే తన పొరపాటనుకున్నాడు.

"నువ్వైనా కూర్చో," అన్నాడు కాపలాదారుతో.

"నాకు జీతమిచ్చేది గట్టుమీద నిలబడ్డానికి సార్. నేను నీళ్లలో ఉంటే నన్నెవరు కాపాడతారు?"

"పోనీ ఈ పెద్దది చూసుకో. నేను చెయ్యెత్తితే నీళ్లలోకి విసురు, తర్వాత తాడు లాగు. ముందు విసరాలి, తర్వాత లాగాలి."

"లాగాలి, అంతేగా."

ఆయన చిన్నదాన్ని నీళ్లలోకి విసిరి తాడు లాగాడు. అది బుస్సుమని విచ్చుకుంది. నలుగురు పట్టే పడవ. ఎక్కడానికి నలుగురు లేరు. ఒక్కడు నీళ్లలోంచి ఎక్కగలడో లేదో అదైనా చూద్దామనుకున్నాడు. చొక్కా మడతపెట్టి, దానిమీద కళ్లద్దాలు, వాచీ పెట్టి, పక్కన చెప్పులు జతగా పెట్టి దిగాడు. తాడు పట్టుకుని పైకి లేవబోతే పడవే ఆయనమీదికి వంగింది. రెండోసారి మోచెయ్యి జారింది. మూడోసారి తలదాకా మునిగాడు.

సరిగ్గా అప్పుడే ఆ ముగ్గురూ గేటు దాటి వచ్చారు. గట్టుమీద చెప్పులు, మడత చొక్కా, కళ్లద్దాలు. కొలను మధ్య ఖాళీ పడవ. దాని పక్కన మునిగిపోతున్న నెరిసిన తల.

"బావా," అంటూ బావమరిది పరిగెత్తి దూకాడు. ఆపబోయి చెయ్యి పట్టుకున్న టైలరమ్మతో సహా దూకాడు. తొంభై నాలుగూ ఎనభై కలిసి ఒకేసారి పడేసరికి కొలను గట్టుమీదికి లేచివచ్చింది. పడ్డాకగాని తనకి ఈత రాదని బావమరిదికి గుర్తురాలేదు. ఇద్దరూ వెళ్లి చిన్న రాఫ్టుని ఒకేవైపు పట్టుకున్నారు. అది నిలువుగా లేచి, బోల్తాకొట్టి తూకాలాయన నెత్తిన పడింది.

"అటువైపు పట్టుకో, వెధవా," అన్నాడు ఆయన పడవ కిందనుంచి.

"తిట్టు బావా, ఎంతైనా తిట్టు. ఈ పని మాత్రం చెయ్యకు."

"ఏ పని?"

"నాకు అన్నీ తెలుసు బావా."

"నా మెడ వదులు ముందు."

ఇంకో చప్పుడైంది. ఈసారి చిన్నది. యాభై రెండున్నర, అనుకున్నాడు ఆయన, కళ్లద్దాలు లేకుండానే. ఆమెకి ఈత వచ్చు. వచ్చి తండ్రి చంక కింద చెయ్యి వేసి పట్టుకుంది. రెండో చేత్తో పడవని తిప్పింది. మేనమామని ఎక్కించబోయింది. అది మళ్లీ వంగింది. నలుగురూ తాడు పట్టుకుని వేలాడారు. ఒక్కరూ పైకెక్కలేకపోయారు.

అప్పుడు గట్టుమీదికి యజమాని వచ్చాడు. ఇస్త్రీ బట్టలు, చేతికి వాచీ.

"నలుగురూ బయటే ఉన్నారేంటండీ? కూర్చోండి మరి."

తూకాలాయన చెయ్యెత్తాడు. కాపలాదారుకి 'లాగాలి' ఒక్కటే గుర్తుంది. బండిమీద ఉన్నదాన్ని ఉన్నట్టే లాగాడు. ఇరవై మూడు కిలోల మూట రెండు గొట్టాలతో, కప్పుతో, మెట్లతో గట్టుమీదే గదంత అయింది. దానికీ నీళ్లకీ మధ్య యజమాని ఉన్నాడు. ఇద్దరూ కలిసే కొలనులో పడ్డారు. యజమాని మునగడం చూసి, తన ఉద్యోగం గుర్తొచ్చి కాపలాదారు కూడా దూకాడు.

పెద్దదాని మెట్లు నీళ్లలోకి వేలాడుతున్నాయి. కూతురు ముందు టైలరమ్మని ఎక్కించింది. తర్వాత బావమరిది ఎక్కాడు. యజమానిని కింద కాపలాదారు నెట్టాడు, పైన బావమరిది లాగాడు. చివర్న తండ్రిని ఎక్కించి తను ఎక్కింది. పడవ అంగుళం కిందికి దిగి నిలబడింది. ఆరుగురూ కప్పు కింద మోకాళ్లు మోకాళ్లకి ఆనించుకుని కూర్చున్నారు. బయట కప్పుమీద నీళ్లు చుక్కలు చుక్కలుగా జారుతున్నాయి.

"నాలుగువందల నలభై ఎనిమిదిన్నర," అన్నాడు తూకాలాయన. "తడిబట్టలు వేరే."

"అందులో నేనెంత?" అన్నాడు యజమాని.

"ఎనభై ఎనిమిది."

"ఎనభై ఆరు."

"ఎనభై ఎనిమిది."

యజమాని బూటు విప్పి నీళ్లు వంచాడు. తలకిందులైన చిన్న రాఫ్టు గుడారం వాకిలి ముందునుంచి తేలుతూ పోయింది. అతను దాన్ని కంటికి కనిపించినంతసేపూ చూశాడు. "సరేనయ్యా. ఈ పెద్దదే కొను. ఇంక దీనిమీద మాటల్లేవు."

కూతురు తండ్రివైపు తిరిగింది.

"ఏం చేద్దామనుకున్నావ్ నాన్నా?"

"పడవ చూద్దామని."

"దానికి తాళంచెవులు ఇచ్చెయ్యాలా? పేర్లన్నీ కొట్టెయ్యాలా? ఆ కాగితంలో నా పేరైతే రాయనే లేదు."

"నువ్వు పరీక్షకి కాదు. ఈ పడవ పెట్టేది నువ్వెక్కే సోమవారం విమానంలో."

ఆమెకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. టైలరమ్మ కప్పువైపు చూసింది. బావమరిది ముక్కు చీదాడు. కూతురు తండ్రి చొక్కా లేని భుజంమీద తన తడి చున్నీ తీసి కప్పింది. అది ఆయన్ని ఇంకా తడిపింది. ఆయన తియ్యలేదు.

గట్టెక్కాక ఎవరిదారిన వాళ్లు వెళ్లారు. ఆమె గదికి వెళ్లింది, ఆయన ఇంటికి వెళ్లాడు. టైలరమ్మ తాళంచెవి తిరిగి ఇచ్చి, మొక్కలకి తనే నీళ్లు పోసి వెళ్లింది. ఒకే కంచం, ఒకే గ్లాసు బల్లమీద అలాగే ఉన్నాయి.

మూడు వారాలకి కొత్త రాఫ్టు వచ్చింది. ఆ సోమవారం దాన్ని వెనక సీటు పక్కన, చెయ్యి పెడితే అందేలా కట్టారు. ప్రయాణికులు ముగ్గురూ వరుసగా కాటా ఎక్కారు. ఆమె చివర్న వచ్చింది.

"యాభై మూడు," అన్నాడు.

"బ్యాగు ఆరు," అంది.

ఆయన పుస్తకంలో కూడాడు. ఇంకోసారి కూడాడు. బ్యాగు తీసి కాటా కింద, తన కాళ్ల దగ్గర పెట్టుకున్నాడు.

"ఎక్కువైంది. పడవ పన్నెండు కిలోలు పెరిగిందిగా. ఇది వెళ్లదు."

"నా బట్టలు నాన్నా అందులో."

"దీవిలో యూనిఫారం ఉంటుందిగా. ఇది ఇంటికి తీసుకెళ్తా. శుక్రవారం వచ్చి తీసుకో."

"ఏ ఇంటికి?"

"మనింటికి. తలుపు తీసే ఉంటుంది."

ఆమె కాటా దిగింది. తర్వాత వెళ్లి విమానం ఎక్కింది. పైలట్ వచ్చి బరువుల కాగితం చూశాడు, తూకాలాయన మొహం చూశాడు, సంతకం పెట్టాడు.

విమానం నీళ్లమీదికి వెళ్లి చుక్కయ్యేదాకా చూసి, ఆయన పుస్తకంలో బ్యాగు దింపడానికి కారణం 'బరువు ఎక్కువ' అని రాశాడు. ఆ రోజు విమానంలో ఇంకా తొమ్మిది కిలోలకు చోటుంది.