జేబులో వీధి

ఆ రోజు పొద్దున్న పటాల గుమాస్తాగారి కోరిక ఒక్కటే: నడవకూడదు. ఊళ్లోని సందులన్నీ కాళ్లతో కొలిచి మ్యాపుల్లోకి ఎక్కించేసరికి ఆయన మోకాళ్లు అరిగిపోయాయి. ఇన్నాళ్లకు మ్యాపు గదిలో ఒక కుర్చీ ఖాళీ అయింది. చెత్త లారీ పరీక్ష సవ్యంగా జరిగితే అది ఆయనదేనని ఆఫీసరు మాటిచ్చాడు.

లారీ ఎన్ని మీటర్ల దూరంలో ఉందో జనానికి అక్కర్లేదు. వస్తోందా, పోతోందా, ఆగిందా తెలిస్తే చాలు. అందుకని లారీకీ వీధికీ మధ్య దూరం తగ్గితే "దగ్గరవుతోంది", పెరిగితే "దూరమవుతోంది", మారకపోతే "ఆగి ఉంది", దూరమే లేకపోతే "వచ్చేసింది" అని ఫోన్లకు కబురు వెళ్లే ఏర్పాటు చేశాడు గుమాస్తాగారు. మొదటి ప్రయోగం సొంత వీధిలోనే.

ఇంట్లో కాళ్లు చాపుకుని కూర్చున్నాడో లేదో ఆఫీసరు ఫోన్ చేశాడు.

"లారీ షెడ్డులోంచి కదల్లేదటండీ. ఒకసారి వెళ్లి చూడండి."

"నడిచా సార్?"

"ఎగిరి వెళ్తారా మరి?"

గుమాస్తాగారు ఉసూరుమంటూ బయల్దేరాడు. మలుపు తిరిగేసరికి భార్య ఫోను.

"లారీ దగ్గరవుతోందని వచ్చిందండీ. వీధంతా డబ్బాలు పట్టుకుని బయటే ఉన్నారు."

ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టుంది వీళ్ల వరస అని విసుక్కుని, సర్దిచెప్పడానికి వెనక్కి తిరిగాడు. వెంటనే అందరి ఫోన్లలోనూ "దూరమవుతోంది" అని పడింది. ఎదురింటి మాస్టారు డబ్బా చంకన పెట్టుకుని ఎదురొచ్చాడు.

"ఏమోయ్, మా చెత్త మీ లారీకి ఆనలేదా?"

"అది అసలు కదల్లేదండీ మాస్టారూ."

"కదలనిది దూరమెలా అవుతుందయ్యా?"

గుమాస్తాగారు నిలబడి తన ఫోను తీసి చూశాడు. "ఆగి ఉంది" అని వచ్చింది. ఇక లాభం లేదని మళ్లీ షెడ్డు దారి పట్టాడు. "దగ్గరవుతోంది." మాస్టారు తన ఫోనునీ ఆయన కాళ్లనీ మార్చి మార్చి చూశాడు.

"ఈయన అటు నడిస్తేనే లారీ దగ్గరవుతోంది. వెనకే పోదాం పదండర్రా."

వీధి వీధంతా డబ్బాలతో ఆయన వెంటపడింది. షెడ్డులో లారీ చక్రం ఊడదీసి ఉంది. గుమాస్తాగారు ఆయాసంతో లారీకి జారగిలబడగానే జేబులో ఫోను మోగింది. "లారీ మీ వీధికి వచ్చేసింది."

అప్పుడు వెలిగింది. మొన్న ఈ ఏర్పాటును సరిచూసేటప్పుడు వీధి గుర్తుగా తన ఫోనునే పెట్టుకున్నాడు, తర్వాత మార్చడం మరిచిపోయాడు. రెండు చుక్కల మధ్య దూరం చూసే యంత్రానికి ఏ చుక్క నడిచిందో పట్టదు. తను ఇంతసేపూ వీధిని జేబులో వేసుకుని తిరిగాడన్నమాట. కుర్చీ చేజారినట్టేనని ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది.

ఈలోగా జనం డబ్బాలన్నీ లారీలో బోర్లించేశారు. అంతలో ఆఫీసరు వచ్చి, నిండిన లారీని చుట్టూ తిరిగి చూశాడు.

"ఇదంతా మీ పనేనా?"

"తప్పయిపోయింది సార్."

"తప్పేమిటండీ? లారీ కదలకుండా వీధి శుభ్రమైపోతే! రేపు పక్క వీధిలోంచి నడుచుకురండి. ఎల్లుండి ఆ పై వీధి."

"మరి కుర్చీ సార్..."

"రోజంతా నడిచేవారికి కుర్చీ దేనికండీ?"

ఆ మధ్యాహ్నం, చేయడానికి పనేమీ లేని లారీ డ్రైవరును మ్యాపు గది కుర్చీలో కూర్చోబెట్టారు.