స్వీకర్త కుర్చీ

మద్దిపూడి పట్టణంలో ఆడవాళ్ళ మొహం మీది వెంట్రుకలను లేజర్‌తో తీయిస్తే అవి పోవు. మర్నాడు తెల్లవారేసరికి అదే ఇంట్లో ఇంకొకరి మొహం మీద మొలుస్తాయి. దీనికి ముక్కున వేలేసుకునేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. మొదట్లో ఒక సంఘం వేశారు. ఆ సంఘం ఊళ్ళో సుష్టుగా భోంచేసి, పరిశీలించి, వెంట్రుక అన్నది ఒకసారి పుట్టాక ఎక్కడో ఒకచోట ఉండక తప్పదనీ, ఎక్కడ ఉండాలో తేల్చుకోవడం కుటుంబాల పని అనీ చెప్పి చేతులు దులుపుకుంది. అప్పటినుంచి అవాంఛిత రోమాలు తీయించుకునే మనిషి తనతోపాటు ఒక స్వీకర్తను తెచ్చుకోవాలి. ఆ వెంట్రుకలను తన మొహం మీదికి తీసుకునే మనిషే స్వీకర్త.

క్లినిక్కులో రెండు కుర్చీలు, మధ్యన ఆకుపచ్చ తెర ఉంటాయి. ఒకరి మొహం ఒకరు చూసుకుంటే ఏడుపులు మొదలై పని ఆలస్యమవుతోందని తెర కట్టారు. అది నేలకు జానెడు ఎత్తున ఆగిపోతుంది కనక అవతలి మనిషి కాళ్ళు మాత్రం కనిపిస్తాయి. నిబంధనలు పెద్దగా లేవు. స్వీకర్త ఆ ఇంటి మనిషే అయ్యుండాలి. ఒక మొహం ఇద్దరివి మించి పుచ్చుకోకూడదు. ఇచ్చినవాళ్ళు తామిచ్చినవి వెనక్కి తీసుకోకూడదు. స్వీకర్త చనిపోతే మాత్రం అవే వెనక్కి వస్తాయి. ఆడపిల్లలకు వయసు పరిమితి లేదు, ఎప్పటికైనా రావలసినవేగా అని సంఘం అభిప్రాయపడింది. మగవాళ్ళూ నిక్షేపంగా అర్హులే. వాళ్ళ మొహం మీద పడితే తేడా కూడా తెలియదని సంఘం ప్రత్యేకంగా చెప్పింది. అయినా ఇంతవరకూ ఆ ఊళ్ళో ఒక్క మగవాడూ ఆ కుర్చీ ఎక్కలేదు. ఎందుకెక్కలేదని అడిగినవాళ్ళూ లేరు. తల్లులున్నారు కదా మరి.

బస్టాండులో విచారణ కౌంటర్లో కూర్చునే సువర్చలకు కూడా తల్లే స్వీకర్త. పెళ్ళికి ముందు రత్తమ్మ ఆ కుర్చీ ఎక్కి, కూతురి మీసాన్నీ గెడ్డాన్నీ తన మొహం మీదికి తీసుకుని, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంటికొచ్చింది. ఆ తరవాత ఎప్పుడు మాట్లాడినా ఆ కొంగు అడ్డమే ఉండేది. మొన్న ఎండాకాలం రత్తమ్మ పోయింది. పదోరోజు పొద్దున సువర్చల గెడ్డం నల్లబడింది. పరామర్శకొచ్చినవాళ్ళు సగం ఏడుస్తూ, సగం ఆమె గెడ్డం వైపు చూస్తూ భోజనాలు చేసి వెళ్ళారు. అమ్మ ఇన్నాళ్ళూ మోసింది ఇదా అని సువర్చల ఆ రాత్రి వెక్కివెక్కి ఏడ్చింది.

అప్పట్నుంచి రోజూ అందరికన్నా ముందు లేచి, బాత్రూం గొళ్ళెం పెట్టుకుని, మూలుగు బయటికి వినపడకుండా కుళాయి తిప్పుకుని, ప్లక్కరుతో ఒక్కొక్కటే లాగేది. ఆమె భర్త పూర్ణచంద్రరావు మాత్రం వరండాలో కిటికీ ఊచకు అద్దం తగిలించుకుని, మొహం నిండా నురగతో, వీధిన పోయేవాళ్ళను పలకరిస్తూ గీసుకునేవాడు. పొద్దున్నే ఎవరా నీళ్ళు పారబోసేది అని అక్కణ్ణుంచే కేకేసేవాడు. నేనే, అనేది సువర్చల.

సాయంత్రానికి గెడ్డం మళ్ళీ గరుకు తేలేది. బస్టాండు అధికారి ఒకరోజు ఆమెను పిలిచి, విచారణకు వచ్చిన ప్రయాణికులు బస్సు వేళలు వినకుండా గెడ్డం చూస్తూ నిలబడి బస్సులు తప్పిపోతున్నారని మర్యాదగానే చెప్పాడు. శుక్రవారానికి మొహం శుభ్రంగా ఉంటే సరి, లేదంటే వెనక పార్సిళ్ళ గదికి వెళ్ళాలి. ఆ గదికి కిటికీ లేదు.

ఇక స్వీకర్త కావాలి. అత్తగారి మొహం ఇద్దరు కూతుళ్ళతో ఎప్పుడో నిండిపోయింది. ఇంట్లో మిగిలింది భర్తా, ఆరో తరగతి చదువుతున్న కూతురు లహరీ. పిల్ల మొహం మీద చచ్చినా పడనివ్వనని సువర్చల ఒట్టేసుకుంది. ఒట్టేసుకున్నాక భర్త దగ్గరికి వెళ్ళింది. పూర్ణచంద్రరావు చెడ్డవాడేం కాదు. రెండు రోజులు నీళ్ళు నమిలాడు. జుట్టు కత్తిరించే మనిషి పసిగడితే ఏమవుతుందన్నాడు. తన షాపులో కుర్రాళ్ళకు తెలిస్తే పరువేం గానన్నాడు.

"రోజూ గీస్తూనే ఉన్నారు. ఇంకో నాలుగు ఎక్కువ గీస్తారు, అంతేగా," అంది సువర్చల.

మూడోరోజు, సరే, గురువారం పిల్లను బళ్ళో దింపి అటునుంచి అటే వస్తానన్నాడు.

గురువారం సువర్చల ముందుగానే వెళ్ళి కుర్చీలో కూర్చుంది. నర్సు స్టెల్లా ఆమె గెడ్డానికి చల్లటి జెల్లు రాసి, కళ్ళజోడు చేతికిచ్చి, మిషను పెట్టింది. అది వేడెక్కుతూ సన్నగా మూలగడం మొదలుపెట్టింది. ఎర్రదీపం వెలిగేదాకా టైముందని స్టెల్లా చెప్పింది. దీపం వెలిగేసరికి అవతలి కుర్చీలో ఎవరూ లేకపోతే, వెంట్రుకలు వాటంతటవే ఆ ఇంట్లో అందరికన్నా చిన్న ఆడమనిషిని వెతుక్కుని వెళ్ళిపోతాయి. ఈ సంగతి ఆవిడ అందరికీ చెప్పే గొంతుతోనే చెప్పింది.

తెర కింద ఎవరి కాళ్ళూ లేవు. మిషను మూలుగు హెచ్చింది. ఇంకొంచెం చూద్దాం అనుకుంది సువర్చల. కిటికీ లేని గది గుర్తొచ్చింది, లహరి మొహం గుర్తొచ్చింది. ఇక లాభం లేదని కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయింది.

"దిగిపోతారామ్మా?" అంది స్టెల్లా.

అప్పుడే అటువైపు తలుపు చప్పుడైంది. తెర కింద, పక్కన తెగితే నల్లదారంతో కుట్టించుకున్న గోధుమరంగు చెప్పులు వచ్చి కుర్చీ దగ్గర నిలిచాయి. పదేళ్ళుగా ఇంటి గుమ్మంలో చూస్తున్న చెప్పులవి. కుర్చీ కిర్రుమంది.

"వచ్చారా?" అంది సువర్చల, తెర దాటి మాట్లాడకూడదని తెలిసి కూడా.

"ఊఁ," అన్నాడు పూర్ణచంద్రరావు.

ఆమెకు ఆ మనిషి మీద ప్రేమ పొంగుకొచ్చింది. ఇన్నేళ్ళ కాపురంలో అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు. వెనక్కి వాలి, కళ్ళజోడు పెట్టుకుంది. ఎర్రదీపం వెలిగింది. రబ్బరు బ్యాండుతో కొట్టినట్టు చుర్రుచుర్రుమంటున్నా హాయిగానే ఉంది.

ఆ సాయంత్రం అతను మిర్చి బజ్జీలు తెచ్చాడు. ఆమె కళ్ళలోకి మాత్రం చూడలేదు. సిగ్గుపడుతున్నాడనుకుంది. లహరి తలనొప్పిగా ఉందని తినకుండా పడుకుంది.

శుక్రవారం పొద్దున సువర్చల లేచి గెడ్డం తడుముకుంది. నున్నగా ఉంది. వరండాలోకి వెళ్ళి నిలబడి, నురగ రాసుకోబోతున్న భర్త మొహాన్ని మురిపెంగా చూసింది. ఆ మొహం నిన్నటిలాగే ఉంది. తన గెడ్డానికి ఎడమవైపు రెండు తెల్ల వెంట్రుకలు ఉండేవి. అవి అతని గెడ్డం మీద లేవు. ఎంత వెతికినా లేవు.

లోపల బాత్రూం తలుపుకు గొళ్ళెం పడింది.

స్వీకర్త కుర్చీ ఎత్తుది. అందులో కూర్చుంటే లహరి కాళ్ళు తెర కిందికి అందవు.

పూర్ణచంద్రరావు అద్దంలోకే చూస్తూ చెప్పాడు. "కూర్చుందామనే వెళ్ళానే, పిల్ల ఇంకా వెంటే ఉంది. అక్కడికెళ్ళేసరికి కాళ్ళాడలేదు. పిల్లే, నే కూర్చుంటాలే నాన్నా అంది, ఎత్తుకొచ్చి కూర్చోబెట్టాను. ఎప్పటికైనా వచ్చేవేగా."

సువర్చలకు అరవాలనిపించింది, ఆ అద్దం తీసి నేలకేసి కొట్టాలనిపించింది. కానీ తామిచ్చినవి తాము తీసుకోకూడదు. పిల్ల బతికున్నన్నాళ్ళూ అవి తన దగ్గరికి రావు. ఎనిమిదింటికి కౌంటరు తెరవాలి. ఆమె లోపలికెళ్ళి, దిండు కింద ఉన్న ప్లక్కరు తీసుకుని, బాత్రూం దగ్గర గొంతుక్కూర్చుని, దాన్ని తలుపు కిందినుంచి లోపలికి తోసింది.

"మొలిచిన వైపే లాగమ్మా," అంది మెల్లగా. "కుళాయి తిప్పుకో, వినపడదు."

లోపల కుళాయి తిరిగింది.

పొద్దున్నే ఎవరా నీళ్ళు పారబోసేది అని వరండాలోంచి పూర్ణచంద్రరావు కేకేశాడు.

నేనే, అంది సువర్చల.